నేను దాటేసిన పేజీలు

ఇవాళ మధ్యాహ్నం మా ఆవిడకు నవల చదివి వినిపిస్తూ ఒక అధ్యాయం మొత్తం దాటేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. కథలో ఎక్కడో తెగిందని పట్టుకుని ఆమె అడిగితే, తప్పు ఒప్పుకోవలసింది పోయి, మధ్యలో నువ్వే కునుకు తీసి ఉంటావు అన్నాను.

రెండేళ్ళ క్రితం ఆమె కళ్ళలో నరాలు దెబ్బతిన్నాయి. మనిషి ఆకారం తెలుస్తుంది, గుమ్మం తెలుస్తుంది, అక్షరం మాత్రం తెలియదు. ఆపరేషనుతో బాగయ్యేది కాదని డాక్టరు చెప్పిన దగ్గరనుంచి, భోజనాలయ్యాక, ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో ఖరిదా పేటలోని మా ఇంటి వెనక వసారాలో కూర్చుని నేను చదవడం, ఆమె వినడం అలవాటైంది. ఏ నవల దొరికితే ఆ నవల. ఈ మధ్య చదివినవాటిలో కోడలు తెప్పించుకున్న హత్యల నవల ఒకటి, మేడమీద అద్దెకుండే ఇంజనీరింగు కుర్రాడు ఇచ్చిన రాబోయే కాలపు నవల ఒకటి ఉన్నాయి. ఆ రెండోదాంట్లో మట్టి అన్నదే లేని ఏదో గ్రహం మీద ఒక ముసలాయన డబ్బాలో గోంగూర పెంచుతాడు. యంత్రాల సంగతి నాకు తలకెక్కలేదు గానీ, ఆ గోంగూర ఎండిపోతుందేమోనని మా ఆవిడ రెండు రోజులు బెంగపెట్టుకుంది. ఆ తర్వాత ఓడల వర్తకుల కాలపు చారిత్రక నవల, ఎవరో చిన్నవయసు రచయిత్రి రాసిన ప్రేమ నవల అయ్యాయి. ఇప్పుడు నడుస్తున్నది ఆరో తరగతి చదివే మా మనవరాలిది, పిల్లల నవల. దీపస్తంభం కాపలాదారు కూతురు ఒక రెక్క విరిగిన కొంగను దాచి పెంచుకునే కథ.

పిల్లల పుస్తకమే కదా అని నాకు కాస్త చులకన. అందులోనూ ఇవాళ కళ్ళు మూతలు పడుతున్నాయి. సముద్రం మీద వాన వర్ణన వచ్చేసరికి మెల్లగా పేజీలు తిప్పేసి, వాన వెలిసిన చోటు నుంచి అందుకున్నాను. నాలుగు వాక్యాలు వెళ్ళానో లేదో, పడవ తాత ఆ పిల్ల దుప్పటి కప్పుకుని ఒడ్డున కూర్చున్నాడని వచ్చింది.

"ఆ దుప్పటి తాతకెప్పుడిచ్చినాది బావా?" అంది. మేనత్త కొడుకుని కనుక నన్ను పెళ్ళయిన నాటినుంచీ అలాగే పిలుస్తుంది.

ఇందాకే ఇచ్చింది, నువ్వు కునుకు తీసినట్టున్నావు అన్నాను. నిద్ర ముంచుకొస్తున్నది నాకు, పడుకున్నానన్న నింద ఆమెకు.

ఆమె వాదించి ఉంటే నేనూ ఏదో నవ్వేసి నిజం చెప్పేవాణ్ణేమో. వాదించలేదు. "పడుకున్నానేటి? నాకు తెలీనేదే," అని ఊరుకుంది. కాసేపటికి, "ఈ మధ్యన నాకన్నీ ఇలాగే అయిపోతన్నాయి," అంది, నాతో అన్నట్టు కాదు. మొన్న పాలు స్టవ్వు మీద పెట్టి మరిచిపోయింది. వాళ్ళ అక్కగారు చివరి రోజుల్లో కన్నకొడుకును పట్టుకుని ఎవరు బాబూ నువ్వు అని అడిగింది, అది దగ్గరుండి చూసింది ఈమే. కళ్ళు పోయినందుకు ఏడవని మనిషి, మతి పోతుందేమోనని లోలోపల భయపడుతుందని నాకు తెలుసు. తెలిసీ ఆ మాటన్నాను. పుస్తకం మూసి లేచి వెళుతూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఆమె పెదాలు కదులుతున్నాయి. ఆ నవలలో మనుషుల పేర్లు ఒక్కొక్కటే తనలో తాను చెప్పుకుంటోంది, తనకు తానే పరీక్ష పెట్టుకున్నట్టు.

వీధి అరుగు మీదకొచ్చి కూర్చున్నాను. నిద్ర ఎటుపోయిందో పోయింది. ఈ ఊళ్ళో ఒకప్పుడు నవల ఎలా చదివేవాళ్ళమో, అందులోనూ ఈవిడ ఎలా చదివేదో, అదంతా వరసగా గుర్తొచ్చింది.

అరవైల నడుమ మాట. నేను వర్క్‌షాపులో చేరి కుదురుకున్న రోజులు, మాకు నిమ్‌పురాలో క్వార్టరు ఇచ్చారు. పెళ్ళయి కొత్తగా కాపురానికి వచ్చిన మా ఆవిడ అంతకుముందు శ్రీకాకుళం దాటి ఎరగదు. యార్డులో పగలూ రాత్రీ వ్యాగన్లు గుద్దుకునే చప్పుడు, పక్కన బెంగాలీలు, వెనక ఒడియావాళ్ళు, మా వరసలో మాత్రం దాదాపు అందరూ మనవైపువాళ్ళే. మీలో రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్ళకు ఆ బతుకు నేను వర్ణించక్కర్లేదు. పొద్దున కూత కూయగానే మగవాళ్ళు వర్క్‌షాపుకు పోతే సాయంత్రం కూతదాకా ఆ వరస అంతా ఆడవాళ్ళదే.

ఆ ఊళ్ళో తెలుగు నవల అంటే వాల్తేరు నుంచి బండి మీద రావలసిందే. పూరీ గేట్ దగ్గర ఉండే మా గార్డు బాబాయి డ్యూటీ మీద వెళ్ళినప్పుడల్లా ఒక నవల కొని తెచ్చేవాడు. ఒక్క పుస్తకం, దానికోసం ఖరిదాలో, పూరీ గేట్‌లో, మా నిమ్‌పురాలో ఎదురుచూసే ఇళ్ళు ఎన్నో. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. పుస్తకం రాగానే దాన్ని విప్పేసేవారు. ఆ పని మా ఎదురు క్వార్టరు అత్తది. ఆవిడ భర్త రైలు పెట్టెల్లో సీట్లు కుట్టే షాపులో పనిచేసేవాడు. ఆ మావయ్య తెచ్చిన గట్టి దారంతో, పాత అట్ట ఊడదీసి, నవలను నాలుగు భాగాలుగా విడగొట్టి, వేటికవే కుట్టి, ఖాకీరంగు కాగితం అట్టలు వేసేది. ఖరిదావాళ్ళు మొదటి భాగం ముగించి పూరీ గేట్‌కు పంపి రెండోది అందుకుంటే, పూరీ గేట్‌వాళ్ళు ముగించి మాకు పంపేవారు. ముందు చదివినవాళ్ళు వెనకవాళ్ళకు కథ చెప్పకూడదన్నది కట్టుబాటు. అది తప్పినవాళ్ళతో నీళ్ళ కొళాయి దగ్గర వారం రోజులు ఎవరూ మాట్లాడేవారు కారు.

అత్తకు అక్షరం రాదు. మా వరసలో చాలామందికి రాదు. కాబట్టి మా భాగం రాగానే మధ్యాహ్నం అత్త వాకిట్లో చాప వేసి, మా ఆవిడను కూర్చోబెట్టి చదివించుకునేవారు. బియ్యం ఏరుకునేవాళ్ళు ఏరుకుంటూ, పిల్లకు పాలిచ్చే ఆవిడ ఇస్తూ, బడి లేని పిల్లలు మధ్యలో దూరి, యాభై దాటిన అత్త మరమరాల గిన్నె ఒళ్ళో పెట్టుకుని వినేవారు. ఇది పిల్లల నవల, ఇది పెద్దల నవల, ఇది మగవాళ్ళది అన్న తేడా ఆ చాప మీద ఉండేది కాదు. రాజుల కథ వచ్చినా, దయ్యాల కథ వచ్చినా, కాపురాల కథ వచ్చినా మా ఆవిడ చదివే తీరు ఒకటే. వాన వర్ణన వస్తే వాన అంతా చదివేది. ఎవరైనా తొందరపెట్టి, అసలు సంగతికి రావే గుంటా అంటే, రాసినాయనకి పనినేకా రాసినాడు అని మళ్ళీ అక్కడినుంచే అందుకునేది.

నేనా రోజుల్లో నవలలను లెక్కచేసేవాణ్ణి కాను. పొద్దుపోనివాళ్ళ వ్యవహారమని నా అభిప్రాయం.

ఒకసారి ఒక డిటెక్టివు నవల వచ్చింది. జమీందారుకు ఎవరో మందులో విషం కలుపుతారు. మొదటి భాగంలోనే మా అత్త నేరస్థుణ్ణి తేల్చేసింది. ఆ ఇంటికి వచ్చిపోయే కాంపౌండరు.

"నాను సెప్తన్నాను సూడండి, ఆ కాంపౌండరెదవే కలిపినాడు. ఆడి సూపే మంచిది కాదు."

"పుస్తకంలో సూపు నీకెలా అవుపించిందే అత్తా?" అని ఎవరో అంటే, "మీకు అవుపించనేదా? కళ్ళున్నాయా నేవా?" అని తిట్టేది. రెండో భాగం అయ్యేసరికి ఆవిడ కాంపౌండరును అనని మాట లేదు. నిమ్‌పురా ఆసుపత్రిలో నిజం కాంపౌండరు ఇచ్చిన మందు కూడా తాగడం మానేసింది.

అంతలో మూడో భాగం ఆగిపోయింది. పూరీ గేట్‌వాళ్ళు చదివేశారు. గార్డు బాబాయి డ్యూటీకి వెళుతూ మాకు ఇచ్చి వెళదామని తన లైన్ పెట్టెలో, అదే గార్డులు జెండాలూ దీపమూ పెట్టుకునే ఇనప్పెట్టెలో వేసుకున్నాడు. బండి వేళ మించిపోతుంటే ఇవ్వడం మరిచి అలాగే వాల్తేరు వెళ్ళిపోయాడు. అక్కడ జ్వరం తగిలి మంచమెక్కాడు. ఈలోగా నాలుగో భాగం, చివరిది, వేరే ఎవరి చేతో మాకు వచ్చేసింది. చివర ఉంది, మధ్య లేదు.

ఇదే మామూలు రోజుల్లో అయితే నవ్వుకుని ఆగేవారు. కానీ అత్త భర్తకు రిటైర్మెంటు దగ్గరపడింది. క్వార్టరు ఖాళీ చేసి పలాస దగ్గర వాళ్ళ పల్లెకు వెళ్ళిపోవాలి. అక్కడ చదివి వినిపించేవాళ్ళు ఎవరూ లేరు. ఈ ఊరు దాటితే తనకు నవల అన్నది ఇక లేదని అత్తకు తెలుసు. బయటికి అనేది కాదు గానీ, రోజూ ఉదయం మా గుమ్మం దగ్గరికొచ్చి, "ఒచ్చిందేటే?" అని అడిగి, లేదంటే మారుమాట లేకుండా వెళ్ళిపోయేది. ఖరిదా బజారులో ఎవరో ఆవిడ మీద జాలిపడి చంపినవాడి పేరు చెప్పబోతే, చేతిలో వంకాయలు కింద పారేసి రెండు చెవులూ మూసుకుందట.

ఈ తంతు చూసి నేను మా ఆవిడకు సలహా ఇచ్చాను. మధ్యలో ఏదో నాలుగు మాటలు కల్పించి చెప్పి నాలుగో భాగం చదివేయరాదా, ఆ ముసలావిడకు తేడా తెలుస్తుందా అన్నాను.

"మధ్యన ఏటయిందో తెలీకుండా సివర సెప్పీస్తే అది కథ కాదు బావా, కబురు," అంది. "నాను కల్పించి సెప్పినానని ఆవిడికి తెలీదు, నిజమే. నాకు తెలుసు కదా."

ఆడవాళ్ళ పంతం అనుకుని నా క్యారేజీ అందుకుని వెళ్ళిపోయాను.

అత్తావాళ్ళు బయలుదేరే రోజు నేను వర్క్‌షాపులో ఉన్నాను. తర్వాత జరిగింది చూసినవాళ్ళు చెప్పగా, ఆమె చెప్పగా తెలిసింది. ఆ రోజే గార్డు బాబాయి నయమై తిరిగి వస్తున్నాడని కబురు వచ్చిందట. ఆశకొద్దీ మా ఆవిడ నాలుగో భాగాన్ని సంచిలో పెట్టుకుని వాళ్ళను సాగనంపడానికి స్టేషనుకు వెళ్ళింది. వాల్తేరు వైపు నుంచి వచ్చిన బండిలోంచి ఆయన దిగనే దిగాడు. చిక్కి సగమైనా, ముందు పెట్టె తెరిచి ఖాకీరంగు అట్ట తీసి ఇచ్చాకే ఒళ్ళెలా ఉందని ఎవరినైనా అడగనిచ్చాడట. దక్షిణం వెళ్ళే పాసింజరు ఆలస్యం. అంత పొడుగు ప్లాట్‌ఫారం మీద, కట్టిన పరుపుచుట్ట మీద అత్త, ఎదురుగా ట్రంకుపెట్టె మీద మా ఆవిడ కూర్చుని మొదలుపెట్టారు. మూడో భాగం సగంలో ఉండగా బండి వచ్చేసింది. సామాను ఎక్కించారు, అత్తను ఎక్కించారు. కిటికీలోంచి అత్త పుస్తకం వైపు ఒక్కసారి చూసిందట. బండి కదలబోతుండగా మా ఆవిడ ఎక్కేసింది.

ఒంటరిగా గోల్ బజారుకు కూడా వెళ్ళని పిల్ల అప్పటికి. టికెట్టు లేదు, చేతిలో రెండు భాగాలు తప్ప ఇంకేమీ లేదు. టికెట్ల బాబు వచ్చి అడిగితే అత్త తనకొచ్చిన బెంగాలీలో, "దాదా, ఏక్టు దాఁడాన్, గల్పో శేష్ హొయ్ నీ," అందట, కాస్త ఆగవయ్యా, కథ అవలేదు అని. ఆ బెంగాలీ ఆయన తన కొలువులో వినని సంజాయిషీ అది. ఏం కథో చెప్పమని ఎదురుగా కూర్చున్నాడట. అత్త ఆయనకు బెంగాలీలో వెనకటి కథ చెప్పడం, మా ఆవిడ తెలుగులో ముందుకు చదవడం, మావయ్య తలపట్టుకుని, "ఈ బండి పలాసెలతాదో, ఆ జమీందారు కొంపకెలతాదో నాకు తెలీకుండా ఉంది," అని గొణగడం.

జలేశ్వర్ స్టేషను రాబోతుండగా కథ అయింది. విషం కలిపింది కాంపౌండరు కాదు, జమీందారు సొంత తమ్ముడు. కాంపౌండరు ఆ సంగతి కనిపెట్టి చెప్పబోయి దెబ్బలు కూడా తిన్నాడు. అత్త పుస్తకం అడిగి తీసుకుని, చివరి పేజీ మీద అరచెయ్యి ఆనించి, "నాయినా, తప్పయిపోనాది. ఒట్టి పున్నేనికి నిన్ను అనరాని మాటలన్నీ అనీసినాను," అందట. కాగితం మీద తప్ప ఎక్కడా లేని మనిషికి.

జలేశ్వర్‌లో ఆ టికెట్ల బాబే మా ఆవిడను దింపి, తిరుగు బండి గార్డుకు అప్పగించాడు.

సాయంత్రం కూత అయ్యాక నేను ఇంటికి వచ్చేసరికి తలుపుకు తాళం, వరస అంతా నవ్వులు. నీ పెళ్ళాం బండెక్కి ఎలిపోనాది అని ఒకరు, కథ సెప్పుకుంటూ ఎలిపోనాది అని ఇంకొకరు. తల కొట్టేసినట్టయి స్టేషనుకు పోయి నిలుచున్నాను. పాసింజరు దిగి, ఖాకీరంగు అట్టలు రెండూ చంకలో పెట్టుకుని, భయం భయంగానే అయినా వెలిగిపోతున్న ముఖంతో వచ్చింది. నలుగురిలో నవ్వులపాలు చేశావని చిరచిరలాడాను. ఆమె నడుస్తూ దారిపొడుగునా జరిగిందంతా చెప్పింది. అత్త క్షమాపణ దగ్గరికి వచ్చేసరికి కోపం పోయి పకపకా నవ్వేశాను, లేని మనిషికి క్షమాపణ ఏమిటి, పిచ్చి ముసల్ది అని. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత అత్తను మేము మళ్ళీ చూడలేదు. డెబ్బయిల్లోకి వచ్చేసరికి పుస్తకాలను విప్పడం మెల్లగా ఆగిపోయింది. వరసలో పిల్లలు చదువుకున్నారు, ఎవరి పుస్తకం వాళ్ళు ఎవరి గదిలో వాళ్ళు చదువుకోవడం మొదలుపెట్టారు. అందులో తప్పేమీ లేదు. మా మనవరాలి దగ్గర ఫోన్‌లోనే బోలెడన్ని నవలలున్నాయట. ఏ భాగం కోసమూ ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. వాళ్ళను చూస్తే నాకు సంతోషమే. కాని అట్ట చెక్కుచెదరని నిండు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఒక్కగానొక్క శ్రోతను పెట్టుకుని, మధ్యలో భాగం పోగొట్టినవాణ్ణి నేను. గార్డు బాబాయికైనా బండి వేళ మించిపోయింది, ఆపైన జ్వరం వచ్చింది. నాకేం వచ్చింది?

అత్త అయితే కాంపౌండరుకు చెప్పుకుంది. నేను ఇంట్లో మనిషికి చెప్పుకోలేక అరుగు మీద కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు లోపలికి వెళ్ళాను. వసారాలో అదే కుర్చీలో ఉంది. నువ్వు పడుకోలేదు, నేనే పేజీలు దాటేశాను, నాకు నిద్రొచ్చింది, అడిగితే అబద్ధం చెప్పాను అన్నాను. వరసగా చెప్పేశాను కనుక చెప్పగలిగాను. ఇదొక్కటే కాదు, గోంగూర నవలలో యంత్రాల సంగతులు, ఓడల నవలలో యుద్ధం, హత్యల నవలలో కోర్టు, అక్కడక్కడా దాటేశానని కూడా చెప్పాను.

ఆమె కుర్చీలో ముందుకు వంగింది.

"అయితే నా మతి బాగానే ఉన్నాదన్నమాట," అంది. అని, చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ మధ్యాహ్నం నుంచి ఎంత బరువు మోసిందో అప్పుడు తెలిసింది.

తర్వాత, "ప్రేమ నవల్లోనూ దాటీసినావు కదా?" అంది.

ఆ నవలలో కొన్ని చోట్ల నాకు నోరు రాలేదు. ఎనభై దాటిన మనిషి, పక్క గదిలో కోడలు.

"అది తెలుసులే. సిగ్గుపడినావని ఊరుకున్నాను," అంది.

పిల్లల నవల తెచ్చి, వాన మొదలైన చోటు నుంచి చదివాను. సముద్రం మీద వాన అంతా చదివాను. చలికి వణుకుతున్న పడవ తాతకు ఆ పిల్ల తన దుప్పటి తెచ్చి కప్పే చోటు, నేను చులకనగా తిప్పేసిన ఆ పేజీల్లోనే ఉంది. ఆమె "అదీ, ఇప్పుడిచ్చినాది," అని తృప్తిగా వెనక్కి ఆనుకుంది.

కోడలు మనవరాలిని తీసుకుని బజారుకు వెళ్ళాక, బీరువాలోంచి ప్రేమ నవల కూడా తీశాను. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, దాటేసిన మొదటి చోటు వెతికి మొదలుపెట్టాను. కొంత దూరం వెళ్ళాక చూస్తే ఆమె కళ్ళు మూసి ఉన్నాయి, తల పక్కకు వాలింది. పడుకున్నావా అని నోటిదాకా వచ్చిన మాట మింగి, ఏమీ అనకుండా, ఆ పేరా మళ్ళీ మొదటినుంచి చదవసాగాను.

"ఇది అయిపోనాది బావా," అంది కళ్ళు తెరవకుండానే. "ముందుకి సదువు."